సీ షిఫ్టు దిగినవాడి నిద్ర ఎవరి పూచీ?

విశాఖపట్నం కంచరపాలెంలో ఉదయం ఆరున్నర అంటే కొన్ని ఇళ్లకు తెల్లవారడం, కొన్ని ఇళ్లకు పొద్దుగుంకడం. రైతు బజారులో కూరగాయల మూటలు దిగుతుంటాయి. పాల ప్యాకెట్ల బళ్లు సందులు తిరుగుతుంటాయి. స్కూలు ఆటోలు హారన్లు కొడుతుంటాయి. సరిగ్గా అప్పుడే ఉక్కు ఫ్యాక్టరీ నుంచో, పోర్టు నుంచో, రైల్వే యార్డు నుంచో రాత్రంతా మేలుకున్న మనిషి ఇల్లు చేరి, హెల్మెట్ తీసి, రెండు ఇడ్లీలు తిని పక్క మీద వాలుతాడు. ఊరు లేచే వేళకు అతను పడుకోవాలి. పడుకుంటాడు కూడా. నిద్ర పట్టడమే కష్టం, పట్టినా నిలవదు.

నిద్ర గురించి సలహాలకు మాత్రం కరువు లేదు. ఆరోగ్య పేజీలు, టీవీ డాక్టర్లు, వాట్సాప్ సందేశాలు అందరూ చెప్పేది ఒకటే. రాత్రి పదింటికల్లా పక్క ఎక్కండి, ఫోను దూరంగా పెట్టండి, గది చీకటిగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంచుకోండి. మంచి మాటలే. అయితే రాత్రి పదింటికి గేటు దగ్గర హాజరు వేయించుకునే సీ షిఫ్టు కార్మికుడికి మొదటి సలహాతో పనిలేదు. రేకుల కప్పు కింద మే నెల మధ్యాహ్నం నడుం వాల్చేవాడికి చల్లటి గది దొరకదు. రైలు పట్టాలకూ జాతీయ రహదారికీ మధ్య ఇల్లున్నవాడు నిశ్శబ్దాన్ని ఎక్కడినుంచి తెచ్చుకుంటాడు?

పగలు ఒళ్లు తేలిగ్గా, బుర్ర చురుగ్గా ఉండాలంటే నిద్ర గాఢంగా పట్టాలన్నది నిజం. ఆ నిద్రలో సగమే మనిషి అలవాట్ల చేతిలో ఉంటుంది. మిగతా సగం డ్యూటీ చార్టు, ఇంటి కప్పు, వీధి చప్పుడు తేలుస్తాయి. మొదటి సగం గురించి ఉపన్యాసాలు దంచేవాళ్లలో ఎవరూ రెండో సగం ఊసెత్తరు. నిద్రలేమి నీ తప్పేనని కార్మికుడి నెత్తిన రుద్ది యాజమాన్యాలు, నగరపాలక సంస్థ, ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం న్యాయం కాదు.

విశాఖ రాత్రి పడుకునే ఊరుగా ఉండి చాలా కాలమైంది. 1933లో పోర్టు తెరిచారు. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో రగిలిన ఉద్యమ ఫలం 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితమైంది. ఆ కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్న బ్లాస్ట్ ఫర్నేసులు సాయంత్రం ఆర్పి పొద్దున్నే వెలిగించుకునేవి కావు. ఉదయం ఆరు నుంచి రెండు దాకా ఏ, రెండు నుంచి పది దాకా బీ, పది నుంచి ఆరు దాకా సీ. ఈ మూడు అక్షరాలే వేల ఇళ్లలో వంట వేళను, పెళ్లి ముహూర్తాలకు వెళ్లగలమో లేదో, పిల్లల బడి మీటింగుకు ఎవరు వెళ్లాలో తేలుస్తాయి.

ఈ మూడు షిఫ్టుల ఊరికి కంచరపాలెం నడుమ ఉంది. పారిశ్రామిక వాడ, పాలిటెక్నిక్ కాలేజీ, ఉపాధి కల్పనా కార్యాలయం ఇక్కడే. రైల్వే స్టేషన్ ఒకవైపు, మర్రిపాలెం, ఎన్ఏడీ మరోవైపు. ఊర్వశి జంక్షన్, మెట్టు మీదుగా హైవే సాగుతుంది. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ సినిమాను ఇక్కడి మనుషుల్నే నటులుగా పెట్టి తీయడంతో ఈ సందులు రాష్ట్రమంతటికీ పరిచయమయ్యాయి. ఇక్కడ పాతకాలం ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: “రాత్రి డ్యూటీ సేసొచ్చి పడుకున్నాడర్రా, సప్పుడు సెయ్యకండి.” ఆ గుమ్మం లోపల అంతవరకు చేయగలరు. గుమ్మం బయట ఆ మాట ఎవరూ వినరు.

పగటి నిద్ర ఎందుకు నిలవదో తెలియాలంటే శరీరం లోపలికి కాస్త తొంగి చూడాలి. నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఒకటి మేలుకున్న కొద్దీ మెదడులో పేరుకునే అడినోసిన్ అనే పదార్థం. ఇది పెరిగేకొద్దీ రెప్పలు బరువెక్కుతాయి. టీ, కాఫీల్లోని కెఫీన్ అడినోసిన్ పనిచేసే చోటును తాత్కాలికంగా ఆక్రమిస్తుంది. అది నిద్రను వాయిదా వేస్తుందే గాని, నిద్ర బాకీ తీర్చదు. రెండోది శరీరంలోని గడియారం. కంటికి తగిలే వెలుతురును బట్టి ఇది తన వేళలు సరిచూసుకుంటుంది. చీకటి పడితే మెలటోనిన్ విడుదలవుతుంది, ఒంటి లోపలి వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది, నిద్ర గాఢమవుతుంది. తెల్లారేసరికి ఇదంతా తిరగబడుతుంది. ఈ గడియారం కణాల లోపల ఎలా నడుస్తుందో చిన్న పండ్ల ఈగల్లో పరిశోధించి చూపినందుకే జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో వైద్యశాస్త్ర నోబెల్ దక్కింది.

సీ షిఫ్టు దిగి ఏడింటికి పడుకున్న మనిషి ఒంట్లో ఈ రెండు శక్తులూ ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటాయి. అడినోసిన్ పడుకోమంటుంది. గడియారం లేవమంటుంది. దారిలో కళ్లలో పడిన పొద్దుటి ఎండ గడియారం పక్షాన చేరుతుంది. మొదటి మూడు నాలుగు గంటలు అలసట గెలుస్తుంది, పదకొండు అయ్యేసరికి గడియారం గెలుస్తుంది. రాత్రి నిద్రతో పోలిస్తే పగటి నిద్ర రెండు గంటలో అంతకన్నా ఎక్కువో తగ్గిపోవడానికి కారణం ఇదే. ఇలా ఏళ్ల తరబడి సాగితే రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే రాత్రి షిఫ్టు పనిని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న’ వాటి జాబితాలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట నిలబెట్టింది.

గంటలు లెక్కపెట్టి తృప్తిపడితే చాలదని చెప్పే పరిశోధన ఒకటి మన పక్కనే, చెన్నైలో జరిగింది. అమెరికా విశ్వవిద్యాలయాల ఆర్థికవేత్తలు అక్కడి తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి 452 మందిని డేటా ఎంట్రీ పనిలో పెట్టుకుని, వాళ్ల మణికట్లకు పరికరాలు కట్టి నిద్రను కొలిచారు. 2021లో ఫలితాలు అచ్చయ్యాయి. వాళ్లు రాత్రి పక్క మీద గడిపింది సుమారు 8 గంటలు. నిద్రపోయింది మాత్రం ఐదున్నర గంటలే. వేడి, చప్పుడు, దోమలు, ఇరుకు గదులు కలిసి ఆ ఎనిమిది గంటల్ని ముక్కలు ముక్కలు చేసేశాయి. కళ్ల గంతలు, చెవి బిరడాలు, ఫ్యాన్లు ఇచ్చి, సలహాలు చెప్పి, కొందరికి ఎక్కువ నిద్రపోయినందుకు డబ్బు కూడా ఇచ్చి చూశారు. సగటున రోజుకు 27 నిమిషాల నిద్ర పెరిగింది. కానీ అదంతా పక్క మీద ఎక్కువసేపు పడుకోవడం వల్ల వచ్చిందే. నిద్ర గాఢత మారలేదు, పనిలో చెప్పుకోదగ్గ మార్పూ కనిపించలేదు.

అదే పరిశోధనలో మరో ప్రయత్నం ఫలించింది. పని చోటనే ప్రశాంతమైన మూలలో మధ్యాహ్నం అరగంట కునుకు తీయనిస్తే వాళ్ల ఏకాగ్రత, పని వేగం, మనసు స్థిమితం మెరుగుపడ్డాయి. సుఖంగా పట్టిన అరగంట నిద్ర, ఉక్కపోతలో అటూ ఇటూ దొర్లిన అరగంటకంటే విలువైనదని దీని సారాంశం. మన యాజమాన్యాలు ఈ ముక్క దగ్గర ఆగి ఆలోచించాలి. డ్యూటీలో రెప్ప వాల్చినవాడికి మెమో ఇవ్వడం మనకు అలవాటు. రెప్ప వాల్చుకునే వేళ, చోటు చూపించడం మాత్రం అలవాటు లేదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా దూరప్రయాణాల పైలట్లకు విమానంలోనే వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇచ్చి చూసింది. వాళ్లు సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, ఆ తర్వాతి పనిలో చురుకుదనం స్పష్టంగా పెరిగింది. విమానం నడిపేవాడి విషయంలో చెల్లిన తర్కం పోర్టు క్రేన్ నడిపేవాడి విషయంలో చెల్లకపోవడానికి కారణం లేదు.

ఇక ఇంటి కప్పు సంగతి. విశాఖ వేసవిలో ఎండకంటే ఉక్కపోత ఎక్కువ బాధిస్తుంది. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, ఒళ్లు చల్లబడకపోతే గాఢ నిద్ర రాదు. హైదరాబాద్‌లో పనికొచ్చే ఎయిర్ కూలర్ ఇక్కడ తేమను ఇంకా పెంచడానికే పనికొస్తుంది. రాత్రి పూట ఈ కష్టం డాబా మీద పక్క వేసుకుంటే కొంత తీరుతుంది. పగలు పడుకునేవాడికి ఆ దారీ లేదు. కిటికీ తీస్తే కాస్త గాలి ఆడుతుంది గాని, పోర్టుకు దగ్గరగా ఉన్న జ్ఞానాపురం, వన్ టౌన్ ప్రాంతాల్లో బొగ్గు ధూళి లోపలికి వస్తుంది. మూస్తే ఉడికిపోతారు.

ఈ బాధ ఒక్క విశాఖది మాత్రమే కాదని 2022లో అచ్చయిన ఒక అంతర్జాతీయ అధ్యయనం చూపింది. 68 దేశాల్లో 47 వేల మందికి పైగా పెద్దల చేతి పట్టీల నుంచి వచ్చిన నిద్ర వివరాలను పరిశోధకులు వాతావరణ లెక్కలతో పోల్చారు. రాత్రి ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే సగటున 14 నిమిషాల నిద్ర పోతోంది. వయసు మళ్లినవాళ్లు, పేద దేశాలవాళ్లు మిగతావాళ్లకంటే ఎక్కువ నష్టపోతున్నారు. ఇది చేతి పట్టీ కొనుక్కోగలిగినవాళ్ల లెక్క. రేకుల ఇంటి లెక్క ఇంకా తీయలేదు.

దీనికి మందు ఖరీదైనది కాదు. ఎండను తిప్పికొట్టే తెల్లటి పూత కప్పు మీద వేస్తే లోపలి వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లటి కప్పుల విధానాన్నే ప్రకటించి 2028 వరకు అమలుకు లక్ష్యాలు పెట్టుకుంది. అహ్మదాబాద్ మురికివాడల ఇళ్ల మీద అంతకుముందే ఈ పని మొదలుపెట్టింది. సముద్రం పక్కన ఉక్కతో అల్లాడే విశాఖకు ఇది మరీ అవసరం. కంచరపాలెం చుట్టుపక్కల రేకుల కప్పులకు ఏటా ఉగాదిలోపు ఒక పూత వేయించడం నగరపాలక సంస్థ జీవీఎంసీకి శక్తికి మించిన పనేమీ కాదు.

చప్పుడు విషయంలో చట్టం మన దగ్గర ఎప్పుడో ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకులు మోగించకూడదు. పండుగలకు ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. ఇంకో అడుగు ముందుకేసి, ఢిల్లీ రాంలీలా మైదానంలో అర్ధరాత్రి నిద్రిస్తున్న జనం మీద పోలీసులు విరుచుకుపడిన కేసులో 2012 ఫిబ్రవరిలో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు ధర్మాసనంలోని జస్టిస్ బీఎస్ చౌహాన్ నిద్రను రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగంగా లెక్కించారు. కాబట్టి అమ్మవారి పండుగ పేరుతోనో, నాయకుడి పుట్టినరోజు పేరుతోనో అర్ధరాత్రి దాటాక డీజే మోగించేవాళ్లు ఇరుగుపొరుగు ఓర్పును పరీక్షించడమే కాకుండా వాళ్ల ప్రాథమిక హక్కును తొక్కుతున్నారు.

అయితే ఈ చట్టంలో ఒక పెద్ద కన్నం ఉంది. చట్టం దృష్టిలో రాత్రి ఉదయం ఆరింటికి ముగుస్తుంది. సీ షిఫ్టు కార్మికుడి రాత్రి ఆరింటికే మొదలవుతుంది. అతను పక్క మీద ఉండే గంటలన్నీ చట్టం లెక్కలో పగలే. ఆ వేళ గుడి మైకు, ప్రచార ఆటో, పాత ఇనుము కొనేవాడి రికార్డు, పక్కింటి డ్రిల్లింగ్ మిషను అన్నీ హక్కుగా మోగుతాయి. ఆసుపత్రులు, బళ్ల చుట్టూ నిశ్శబ్ద మండలాలు ప్రకటించే అధికారం ప్రభుత్వానికి ఉన్నట్టే, షిఫ్టు కార్మికులు ఎక్కువగా ఉండే వీధుల్లో ఉదయం ఏడు నుంచి మధ్యాహ్నం రెండు వరకు మైకుల ప్రచారం వద్దని స్థానికంగా కట్టడి చేయడానికి ఏమడ్డు? మూడు షిఫ్టుల పన్ను డబ్బుతో నడిచే నగరం ఒకే షిఫ్టు వాళ్ల నిద్రను కాపాడితే సరిపోదు.

రాత్రి పడుకునేవాళ్లకు మరో చిక్కు వెలుతురు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చీకట్లోకి నెట్టిన తర్వాత విశాఖలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్ఈడీలుగా మార్చారు. కరెంటు ఆదా అయింది, వీధులకు భద్రత పెరిగింది. కానీ తెల్లటి ఎల్ఈడీ కాంతిలో మెలటోనిన్‌ను అణచే నీలి పాలు ఎక్కువ. పడకగది కిటికీకి ఎదురుగా ఉన్న దీపానికి ఒక రేకు మరుగు పెడితే కాంతి రోడ్డు మీదే పడుతుంది.

వీటన్నిటికన్నా బరువైనది డ్యూటీ చార్టు. మనిషి గడియారపు సహజ నిడివి 24 గంటలకంటే కాస్త ఎక్కువ. అందువల్ల ఆలస్యంగా పడుకోవడం సులువు, తొందరగా పడుకోవడం కష్టం. షిఫ్టులు ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి తిరిగితే ఒళ్లు కొంత సర్దుకుంటుంది. వెనక్కి తిరిగితే అదే ఒళ్లు మొరాయిస్తుంది. రాత్రి పదింటికి బీ షిఫ్టు దింపి మర్నాడు ఆరింటికే ఏ షిఫ్టుకు పిలిస్తే రానుపోను ప్రయాణం, తిండి పోగా మిగిలేది ఐదు గంటల కలత నిద్ర. యూరప్ దేశాల్లో రెండు డ్యూటీల నడుమ కనీసం 11 గంటల విరామం ఇవ్వాలన్నది చట్టం. ఇక్కడ మనిషి రాకపోతే డబుల్ డ్యూటీ అన్నది ఆనవాయితీ, ముఖ్యంగా కాంట్రాక్టు కార్మికులకు. పూట గడవని జీతంలో ఓటీ వద్దనే ధైర్యం ఎవరికుంటుంది?

కన్ను అలసిన ఘడియకు విలువ కట్టడం తెలిసిన రంగాలు లేకపోలేదు. లోకో పైలట్లకు వరుసగా నాలుగు రాత్రులు డ్యూటీ వేయడానికి రైల్వే నిబంధనలు వీలిస్తుంటే, రెండు దాటవద్దని వాళ్ల సంఘాలు ఏళ్లుగా పోరాడుతున్నాయి. విమాన పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచుతూ పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024 జనవరిలో కొత్త నిబంధనలు తెచ్చింది. 2025 డిసెంబర్‌లో ఆ నిబంధనలకు తగ్గట్టు సిబ్బంది సర్దుబాటు కాక ఇండిగో విమానాలు పెద్ద ఎత్తున రద్దయ్యాయి. విశ్రాంతిని కాగితం మీద రాస్తే సరిపోదని, దానికి సరిపడా మనుషుల్ని పెట్టుకోవాలని ఆ వారం దేశమంతా చూసింది. సరిగ్గా అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజువారీ గరిష్ఠ పని వేళను 9 గంటల నుంచి 10కి పెంచే సవరణకు, మహిళలకు రాత్రి షిఫ్టుల అనుమతికి ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటల పరిమితి మారదు కదా అన్నది ప్రభుత్వ వాదన. నిద్ర వారానికోసారి పోగుచేసి తీర్చుకునేది కాదు గనుక ఆ వాదన నిలవదు. రోజుకు గంట పెంచిన చేత్తోనే రెండు డ్యూటీల నడుమ కనీస విరామాన్ని కూడా చట్టంలో రాసి ఉండాల్సింది.

కొలిమి ఆగదు, ఓడ ఆగదు, రైలు ఆగదు, ఎవరో ఒకరు మేలుకోవాలి కదా, అందుకే కదా నైట్ అలవెన్సు ఇస్తున్నది అని అడగవచ్చు. మేలుకోవాల్సిందే. ఎవరూ కాదనరు. మేలుకున్నవాడు నిజంగా మెలకువగా ఉన్నాడా అన్నదే ప్రశ్న. భోపాల్‌లో విషవాయువు వెలువడింది 1984 డిసెంబర్ 2, 3 తేదీల మధ్య రాత్రి. చెర్నోబిల్ రియాక్టర్ పేలింది 1986 ఏప్రిల్ 26 రాత్రి 1.23కి. కంచరపాలేనికి కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరిన్ ఆవిరి ఊళ్లోకి పాకింది 2020 మే 7 తెల్లవారుజామున మూడింటి వేళ. నిద్రలో ఉన్న జనాన్ని అది కమ్మేసింది, 12 మంది ప్రాణాలు పోయాయి. ఈ ఘోరాలకు మూలం యంత్రాల నిర్వహణలో, భద్రతలో చేసిన పాపాలే. ఆ పాపాలు బయటపడే ఘడియ నడిరాత్రి దాటాకైతే, వాటిని పట్టుకోవాల్సిన కళ్లు మగతలో ఉండకుండా చూడటం భద్రతలో భాగం.

ప్రమాదం గేటు దాటాక కూడా వెంటే వస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి లేచి, రాత్రి డ్యూటీ చేసి, ఉదయం ఆరింటికి బండెక్కినవాడు అప్పటికి 18 గంటలుగా మేలుకుని ఉన్నాడు. 17 గంటలు వరుసగా మేలుకుంటే మనిషి స్పందన రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని ఆస్ట్రేలియా పరిశోధకులు 1990ల్లోనే తేల్చారు. మన మోటారు వాహనాల చట్టం అనుమతించే పరిమితి 0.03 శాతం. అంటే చుక్క ముట్టకుండానే అతను తాగి నడుపుతున్నవాడితో సమానం. అరవై కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు రెప్ప మూతపడితే బండి 67 మీటర్లు తనంతట తాను పోతుంది. గాజువాక, ఎన్ఏడీ దారిలో ఆ 67 మీటర్లలో ఎన్ని లారీలు, ఎంతమంది మనుషులు ఉంటారో ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు.

తెల్లవారుజామున హైవేల మీద లారీలు ఆపి డ్రైవర్ల చేత మొహం కడిగించి పంపడం ఆంధ్రప్రదేశ్ పోలీసులకు అలవాటైన పద్ధతి. ఉద్దేశం మంచిది. చన్నీళ్లు తెచ్చే మెలకువ కొద్ది నిమిషాలే నిలుస్తుంది. ఇరవై నిమిషాల కోడి కునుకు గంటల తరబడి కాపాడుతుంది. నీళ్ల బకెట్ పక్కనే లారీ నిలుపుకునే జాగా చూపిస్తే ఆ పోలీసుల శ్రమకు ఫలితం దక్కుతుంది. ఫ్యాక్టరీలు కూడా సీ షిఫ్టు దిగినవాళ్లను సొంత బళ్ల మీద వదలకుండా బస్సుల్లో పంపాలి.

చార్టు మారేదాకా, కప్పు చల్లబడేదాకా కార్మికుడు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. సీ షిఫ్టు వారంలో సాయంత్రం ఏడింటికో ఎనిమిదింటికో ఒక గంట కునుకు తీసి బయల్దేరితే నాలుగో ఝాము తేలిగ్గా గడుస్తుంది. టీ తాగడం షిఫ్టు మొదటి సగంలోనే ముగించాలి. కెఫీన్ సగం తగ్గడానికే ఐదు గంటలు పడుతుంది గనుక నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటికి కూడా రక్తంలో సగం ఉంటుంది. ఇంటికి వచ్చేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే పొద్దుటి ఎండ గడియారాన్ని నిద్ర లేపదు. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టాలి, ఫోన్ మూగబోవాలి. ఫ్యాన్ హోరు చిన్నాచితకా చప్పుళ్లను కప్పేస్తుంది. కడుపు నిండా తిని పడుకుంటే పుల్లటి తేన్పులు లేపుతాయి. సెలవు రోజున కూడా రాత్రి పడుకున్నా పగలు పడుకున్నా నాలుగు గంటలు మాత్రం ఎప్పుడూ ఒకే వేళకు నిద్రపోయేలా చూసుకుంటే గడియారం మరీ చెదరదు. బీ షిఫ్టు దిగి నిద్ర కోసం రెండు పెగ్గులు వేసేవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మందు తొందరగా పడగొడుతుంది గాని, రాత్రి రెండో సగంలో నిద్రను తుక్కుతుక్కు చేస్తుంది, గొంతు కండరాలను సడలించి గురకను పెంచుతుంది.

గురకను నవ్వులాటగా తీసుకోవడం మరో ప్రమాదం. ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున తలనొప్పితో లేచి, పగలంతా జోగుతూ ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. నిద్రలో శ్వాసనాళం మూసుకుపోయి, ఊపిరి ఆగి, మెదడు ఉలిక్కిపడి లేపే జబ్బు స్లీప్ ఆప్నియా. రాత్రికి పదులసార్లు అలా లేచినా రోగికి గుర్తుండదు. పక్కన పడుకున్న భార్యకు తెలుస్తుంది. పనిచేసే వయసు భారతీయుల్లో పది కోట్ల మందికి పైగా దీని బారిన పడి ఉంటారని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు 2023లో అంచనా వేశారు. గురక, పగటి మగత, నిద్రలో ఊపిరి ఆగడం, రక్తపోటు, బరువు, వయసు, మెడ చుట్టుకొలత, మగవారా అన్న ఎనిమిది ప్రశ్నలతో ముప్పును అంచనా వేయవచ్చు. క్రేన్, లోకో, లారీ నడిపేవాళ్ల వార్షిక వైద్య పరీక్షల్లో ఈ ఎనిమిది ప్రశ్నలు చేర్చడానికి నయాపైసా ఖర్చు కాదు.

కొందరిని మేల్కొలిపేది చప్పుడో వేడో కాదు, దిగులు. ఉక్కు కర్మాగారంలో వాటాల ఉపసంహరణకు 2021 జనవరి 27న కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నప్పటి నుంచి ఆ ఇళ్లలో కంటి మీద కునుకు కరువైంది. 2025 జనవరిలో ప్రకటించిన రూ.11,440 కోట్ల ప్యాకేజీ కొంత ఊరట ఇచ్చినా కాంట్రాక్టు కార్మికుల బెంగ తీరలేదు. ఇలాంటి దీర్ఘకాలిక నిద్రలేమికి మాత్రలు మొదటి మందు కాదు. ఆలోచనల తీరును, పడక అలవాట్లను కొన్ని వారాల పాటు క్రమంగా మార్చే చికిత్సనే ముందు వాడాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సూచించింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్ర మాత్ర ఆ దిగులును తీర్చదు, అలవాటుగా మాత్రం మారుతుంది.

ఈ లెక్కలన్నిటిలో ఎక్కని మనిషి ఒకరున్నారు. ఏ షిఫ్టు భర్త కోసం నాలుగింటికి లేచి క్యారేజీ కట్టి, కుళాయి నీళ్లు పట్టి, పిల్లల్ని బడికి పంపి, బీ షిఫ్టు దిగే కొడుకు కోసం పదకొండింటి దాకా కాచుకుని అన్నం పెట్టే ఇల్లాలు. ఆమెకు అక్షరం లేని షిఫ్టు, సెలవు లేని డ్యూటీ. నైట్ అలవెన్సు లేదు, వారపు విశ్రాంతి లేదు. ఇంట్లో మగవాడి నిద్ర కోసం సప్పుడు చేయవద్దనే ఆమె, మధ్యాహ్నం అరగంట నడుం వాల్చితే ఇల్లంతా ఆ మాట తిరిగి ఆమెకు దక్కేలా చూడాలి. ఎవరి క్యారేజీ వాళ్లు సర్దుకోవడంతో ఈ సంస్కరణ మొదలవుతుంది, దీనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు.

మిగతావాటికి ఉత్తర్వులు కావాలి. జీవీఎంసీ రేకుల ఇళ్లకు చల్లటి పూత వేయించాలి. పోలీసులు రాత్రి పది దాటిన మైకు మీద ఫిర్యాదు వచ్చేదాకా ఆగకూడదు. కార్మిక శాఖ రెండు డ్యూటీల నడుమ 11 గంటల విరామాన్ని నిబంధనగా తేవాలి. కార్మిక సంఘాలు వచ్చే వేతన చర్చల్లో నైట్ అలవెన్సు పక్కనే మూడు డిమాండ్లు రాసుకోవాలి: ముందుకు తిరిగే షిఫ్టు క్రమం, పని చోటు పక్కనే విశ్రాంతి గది, సీ షిఫ్టు దిగినవాళ్లకు ఇంటిదాకా బస్సు. నిద్రను జీతంలా బేరమాడి సాధించుకోవాల్సిన హక్కుగా సంఘాలు చూడటం మొదలుపెడితే, యాజమాన్యాలు కూడా దాన్ని మెమోలో రాసే నేరంగా చూడటం మానుకుంటాయి.